కాయ దిగకముందే కెమెరావాళ్లని మాట్లాడుకోండి

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బంగారుపాళెం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. మా మామగారు పాతికేళ్ల కిందట పెట్టారు. ఎస్వీ యూనివర్సిటీలో ఎంబీఏ చేశానని మార్కెటింగ్ పని నాకు అప్పజెప్పారు. ఇన్నాళ్లూ ఏజెంట్ల ద్వారానే అమ్మాం. ఈ అక్టోబరులో ప్యారిస్‌లో జరిగే సియాల్ ఆహార ప్రదర్శనలో మొదటిసారి సొంత స్టాలు పెడుతున్నాం. దానికి కంపెనీ వీడియో కావాలి. మూడు కొటేషన్లు వచ్చాయి. తిరుపతిలో మా బంధువుల స్టూడియో ఉంది, పెళ్లిళ్లు తీస్తారు, సొంత డ్రోన్ ఉంది, లక్షా ఎనభై వేలు అన్నారు. చెన్నై కంపెనీ ఏడున్నర లక్షలు అడిగింది. వాళ్లు చూపించిన నగల యాడ్లు, కార్ల యాడ్లు కళ్లు చెదిరేలా ఉన్నాయి. అడ్వాన్సు ఇచ్చిన 45 రోజుల్లో వీడియో చేతిలో పెడతామన్నారు. మూడోది బెంగుళూరులో ఇద్దరు కుర్రాళ్లు. ఒక డెయిరీకి, ఒక బిస్కెట్ ఫ్యాక్టరీకి తీశారట. నాలుగు లక్షల ఇరవై వేలు. కాకపోతే ధర చెప్పేముందు ముప్పై ప్రశ్నలు పంపారు. మన గురించి ఏమీ తెలియనివాళ్లు మనకేం తీస్తారని మామగారు ఆ కాగితం పక్కన పడేశారు. ఆయనకు తిరుమల గోపురంతో వీడియో మొదలవ్వాలని ఉంది. ఎవరికివ్వమంటారు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొటేషన్లు మూడూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. బెంగుళూరు కుర్రాళ్లకే ఇవ్వండి. అయితే వాళ్లు పంపిన కాగితం మీద ఇప్పుడున్నట్టుగా సంతకం పెట్టొద్దు. అందులో మార్చాల్సినవి ఉన్నాయి, కింద రాస్తాను. ముందు ఆ ముప్పై ప్రశ్నల సంగతి చెప్పాలి, ఎందుకంటే నేను వాళ్లవైపు మొగ్గింది ఆ ప్రశ్నల్ని చూసే.

మీరు జతచేసిన కాగితంలో మొదటి ప్రశ్న: కాయ ఎప్పటినుంచి ఎప్పటిదాకా వస్తుంది? మిగతా ఇద్దరూ ఈ మాట అడగనే లేదు. ఇప్పుడు మార్చి. చెన్నైవాళ్లకి ఈరోజు అడ్వాన్సు ఇస్తే వాళ్ల 45 రోజులు ఏప్రిల్‌తో అయిపోతాయి. అప్పటికి మీ షెడ్డులో ఏముంటుంది? తుడిచిపెట్టిన స్టీలు మిషన్లు, ఖాళీ బెల్టు, మూలన పేర్చిన డ్రమ్ములు. గుజ్జుకి వాడే తోతాపురి మామిడి మీ గేటు లోపలికి వచ్చేది జూన్‌లో. ఆగస్టు దాటితే మళ్లీ ఏడాది ఆగాల్సిందే. గుజ్జు ఫ్యాక్టరీ బతుకంతా ఆ రెండు నెలల పైచిలుకులోనే ఉంది. ఆ రోజుల్లో తీయని వీడియో ఎంత ఖరీదైన కెమెరాతో తీసినా ఖాళీ షెడ్డు వీడియోనే. ప్యారిస్‌లో మీ ఎదుట కూర్చునే మనిషి ఇరవై దేశాల ఫ్యాక్టరీలు చూసి ఉంటాడు. కాయ లేని బెల్టుని చూస్తే, ఈ ఫ్యాక్టరీ నిజంగా నడుస్తోందా అనే అనుమానం అతనికి ముందు వస్తుంది.

సీజన్ మొదటి వారంలో మాత్రం పిలవకండి. అప్పుడు మిషన్లు సర్దుకుంటుంటాయి, బాయిలర్ దగ్గర ఏదో ఒక చికాకు ఉంటుంది, పనివాళ్లు కొత్తవాళ్లు ఉంటారు. మూడో వారం మంచిది. దానికి ముందు మే నెలాఖరులో ఒకరోజు తోటకి తీసుకెళ్లండి. చెట్టు మీద కాయ వేలాడుతున్నప్పటి దృశ్యం మళ్లీ దొరకదు. ఆ ఒక్కరోజుకి పూర్తి బృందం అక్కర్లేదు, ఒక కెమెరామన్, ఒక సహాయకుడు చాలు. కొటేషన్‌లో షూటింగు రోజుల్ని ఇలా విడదీసి రాయించుకోండి. వాన పడినా, లైను ఆగినా ఇంకో రోజు ఏ ధరకి వస్తారో కూడా అందులోనే ఉండాలి.

రెండో ప్రశ్న, షెడ్డులో ఏ లైట్లు ఉన్నాయని. మామగారికి ఇది మరీ వింతగా తోచి ఉంటుంది. మీరే ఒకసారి చేసి చూడండి. సాయంత్రం షెడ్డులో లైట్లన్నీ వేసి, ఫోనులో స్లో మోషన్ పెట్టి కుళాయి నీళ్లు తీయండి. తర్వాత ఆడించి చూడండి. తెర మొత్తం వెలుగు గుప్పుగుప్పుమని ఊగుతుంది, లేదా నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. పాత ట్యూబులైట్లు, చౌక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. షట్టర్ని సెకనులో 50వ వంతుకో 100వ వంతుకో పెడితే మామూలు షాట్లు బాగానే వస్తాయి. కానీ గుజ్జు జారిపడే స్లో మోషన్ షాటు అందరూ కోరతారు, మీరూ కోరతారు. దానికి షట్టర్ అంతకంటే వేగంగా తిరగాలి. అప్పుడు మీ షెడ్డు లైట్లు పనికిరావు, మిణకని లైట్లు వాళ్లే తెచ్చుకోవాలి, లేదా పగటి వెలుగు పడే చోట తీయాలి. పెళ్లి మండపంలో వీడియో లైట్లు ఎలాగూ కొడతారు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. ఫ్యాక్టరీలో పని చేసినవాడు మాత్రం ఇది ముందే అడుగుతాడు. ఆ కుర్రాళ్లు అడిగారు.

వాళ్లు అడగనిది ఒకటి నేను చేరుస్తాను. మీ చల్లగదిలోంచి గుజ్జు తీసే హాలులోకి వచ్చారంటే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. తుడిచినా మళ్లీ పడుతుంది. కెమెరా ఆ వేడికి అలవాటు పడడానికి ఇరవై, ముప్పై నిమిషాలు ఊరికే ఉంచాలి. అందుకే రోజు ప్రణాళికలో వేడి హాలు పని అంతా అయ్యాక చల్లగదికి వెళ్లాలి. చిన్న విషయమే, కానీ లైను నడుస్తుండగా అరగంట ఆగడం అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక నేను అన్నిటికంటే బరువిచ్చే ప్రశ్న: ఈ వీడియో చూసే మనిషి ఎవరు? దానికి మీరు రాసుకున్న జవాబు 'కస్టమర్లు' అని ఒక్క మాట. ఇంకొంచెం ఆలోచించండమ్మా. మీ స్టాలు ముందు ఆగేవాళ్లలో కొనుగోలు మేనేజరు ఉంటాడు, అతని పక్కన నాణ్యత చూసే మనిషి ఉంటుంది. ఆమె మీ వీడియోని తనిఖీ చేస్తుంది. కాయ కడిగే తొట్టి దగ్గర ఒకామె తల మీద టోపీలోంచి జడ బయటికి వచ్చి ఉంటే ఈ నాణ్యత మనిషి కన్ను అక్కడే ఆగుతుంది. చేతికి గాజులు, ఉంగరం, ఒక చెప్పుల జత, నేల మీద నిలిచిన నీళ్లు, అన్నీ చూస్తుంది. కాయల్ని ఎలా మాగబెడుతున్నారో వెతుకుతుంది. కార్బైడ్‌ని మన దేశంలో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిషేధించింది, ఎథిలీన్ వాయువుని 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో వంద) వరకు అనుమతిస్తుంది. మీకు ఎథిలీన్ గదులు ఉన్నాయని రాశారు. అయితే ఆ గది తలుపు, లోపల క్రేట్ల వరసలు, మీటర్ మీద అంకె, ఈ మూడూ వీడియోలో నాలుగైదు సెకన్లు స్పష్టంగా కనబడాలి. మీ ఫ్యాక్టరీ గురించి పది విశేషణాలు చెప్పే గంభీరమైన గొంతు కంటే ఆ మీటర్ మీద అంకె ఆమెకి ఎక్కువ చెబుతుంది.

అందుకని షూటింగు రోజున మీ క్వాలిటీ మేనేజరు కెమెరా పక్కనే నిలబడాలి. ప్రతి షాటూ ఆయన సరేనన్నాకే తీయాలి. వచ్చిన బృందానికి కూడా తలటోపీ, బూట్లు, గడియారాలు తీసేయడం, అన్నీ మీ పనివాళ్లకి ఉన్న నియమాలే. లెన్సు మూతలు, ఫిల్టర్లు తాడుతో కట్టి ఉండాలి. ఒక లెన్సు మూత గుజ్జు తొట్టిలో పడితే ఆ పూట సరుకంతా పక్కన పెట్టాల్సిందే. దీనికి వాళ్లు ఒప్పుకుంటారా అని కొటేషన్ దశలోనే అడగండి. విసుక్కున్నవాళ్లని లోపలికి రానివ్వకండి.

లేబుళ్ల గురించి ఆ కుర్రాళ్లు అడిగిన ప్రశ్న కూడా మంచిదే. మీరు ఇంకొకరి బ్రాండుకి కూడా గుజ్జు పడతారు కదా. ఆ డ్రమ్ముల మీద, డబ్బాల మీద వాళ్ల పేరు వీడియోలో పడితే ఉన్న కస్టమరు పోతాడు. షూటింగుకి ముందురోజే అవి తిప్పి పెట్టించండి.

స్టాలులో చప్పుడు గురించి రెండు మాటలు. ప్రదర్శన హాలులో ఎవరికీ ఏమీ వినబడదు. అక్కడ ఆడే వీడియో మాట లేకుండా, తెర మీద అక్షరాలతో అర్థమవ్వాలి, నిమిషంన్నర దాటకూడదు, ఆగకుండా మళ్లీ మొదలవ్వాలి. కూర్చుని మాట్లాడేటప్పుడు చూపించడానికి నాలుగు నిమిషాలది వేరే కావాలి. ఫోనుకి నిలువు కొలతలో చిన్న ముక్కలు వేరే. ఒకే షూటింగులోంచి ఇవన్నీ వస్తాయి, కానీ ముందే చెప్పాలి. తర్వాత అడిగితే ప్రతిదానికీ కొత్త బిల్లు వస్తుంది. ఇవి కాక, అక్షరాలేవీ లేని మాస్టర్, అంటే మూల కాపీ, ఒకటి తప్పనిసరిగా తీసుకోండి. ఈ ఏడాది ఫ్రెంచి, వచ్చే ఏడాది దుబాయ్‌కి వెళ్తే అరబిక్. అక్షరాలు అతికించేసిన వీడియో మీద ఇంకో భాష రాయలేం.

ఇప్పుడు కాగితంలో మార్చాల్సినది. వాళ్ల కొటేషన్ ఐదో పేజీలో చిన్న అక్షరాల్లో 'రా ఫుటేజ్ ఇవ్వబడదు' అని ఉంది, అంటే ఎడిటింగుకి ముందు తీసిన అసలు దృశ్యాలు మీకివ్వరని. మిగతా ఇద్దరివి చూస్తే ఒకరు ఆ ఊసే ఎత్తలేదు, ఇంకొకరు అదే మాట రాశారు. ఇది నాకు బాగా తగిలిన దెబ్బ కాబట్టి చెబుతాను. నేను మన జిల్లాలోనే ఒక గ్రానైట్ ఎగుమతి సంస్థలో చాలా ఏళ్లు మార్కెటింగ్ చూశాను. ఒకసారి క్వారీలో మూడు రోజులు తీయించాం. మంచి వీడియో వచ్చింది, డబ్బు మొత్తం కట్టేశాం. రెండేళ్లకి కోత మిషన్లు మారాయి, వీడియోలో పన్నెండు సెకన్లు మార్చాలి. తీసిన అసలు ఫుటేజ్ ఇమ్మని స్టూడియోని అడిగితే ముందు వేరే ధర చెప్పారు. మేం ఒప్పుకున్నాక వెతికి, హార్డ్ డిస్క్ పాడైపోయిందన్నారు. మళ్లీ తీద్దామంటే ఆ రాతి ముఖం లేదు. అప్పటికే కోసేశాం, దిమ్మెలు ఓడలెక్కి వెళ్లిపోయాయి. ఆ ఉదయపు ఎండలో ఎర్రగా మెరిసిన ఆ గోడ ఇంకెక్కడా లేదు. మా తప్పు ఒక్కటే, ఆ వాక్యం చదవకుండా సంతకం పెట్టాం. ఈ ఏడాది మీ తోటలో కాసిన కాపు కూడా మళ్లీ రాదు.

చట్టం మీవైపే ఉంది, చాలామందికి తెలియదు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫిల్ముకి తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. అయితే, వేరే ఒప్పందం లేకపోతేనే. ఆ ఐదో పేజీ వాక్యంలాంటివి ఆ వేరే ఒప్పందాలు కావచ్చు. స్క్రిప్టు, సంగీతం విడి విషయాలు, వాటి హక్కు మీకు రాసివ్వాలి. 19వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ఆ రాతలో ఎన్నేళ్లకి అని లేకపోతే ఐదేళ్లకే అని, ఏ ప్రాంతానికి అని లేకపోతే భారతదేశానికే అని అర్థం. ఇక్కడే అమ్ముకునేవాళ్లకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. మీరు ప్యారిస్ వెళ్తున్నారు! 'ప్రపంచమంతటా, హక్కు ఉన్నంతకాలం' అన్న మాటలు ఉండి తీరాలి. చిత్తూరులో ఎవరైనా వకీలుకి ఒక గంట ఫీజు ఇచ్చి చూపించుకోండి, ఆ ఖర్చు దండగ కాదు.

మామగారి గోపురం సంగతి. ఆయన మనసు నాకు అర్థమవుతుంది. ఈ జిల్లాలో ఏ పనైనా స్వామిని తలచుకునే మొదలుపెడతాం. కానీ తిరుమల కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం. టీటీడీ అనుమతి లేకుండా వ్యాపార వీడియోకి అక్కడ తీయడమూ కుదరదు. బంధువుల కుర్రాడు ఎక్కడో దొరికిన క్లిప్పు అతికిస్తానంటే అది ఇంకొకరిది. వెనకాల అన్నమయ్య కీర్తన పెడదామన్నా జాగ్రత్త. సాహిత్యం ఐదు వందల ఏళ్ల నాటిది, అందరిదీ. దాన్ని పాడిన రికార్డింగు అందరిదీ కాదు, దాని మీద 60 ఏళ్లపాటు హక్కు ఉంటుంది. యూట్యూబులో పెట్టిన మరుక్షణం వీడియో మీద క్లెయిమ్ పడవచ్చు. తెలిసిన గాయని చేత పాడించుకుని, ఆ రికార్డింగు హక్కు మీకు రాయించుకుంటే నిశ్చింత. సీజన్ మొదటి లోడు దిగేరోజు గేటు దగ్గర మామగారు కొబ్బరికాయ కొడతారు కదా, ట్రాక్టరు టైరు కింద నిమ్మకాయలు పెడతారు కదా, అది తీయించండి. అది ఆయన భక్తి, మీ ఫ్యాక్టరీ సొంతం, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

దానికి మీ బంధువుల స్టూడియోనే పిలవండి. వాళ్లని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పెళ్లి తీసేవాళ్ల దగ్గర ఒక గొప్ప గుణం ఉంది. తాళి కట్టే క్షణం రెండోసారి రాదని వాళ్లకి తెలుసు, దానికి సిద్ధంగా ఉంటారు. మొదటి లోడు, రాత్రి షిఫ్టు, పనివాళ్ల భోజనాలు, ఇవన్నీ సీజనంతా వారానికి ఒకపూట వచ్చి వాళ్లు తీస్తే, ఏడాది పొడుగునా ఫోనులో పెట్టుకోవడానికి సరిపడా సరుకు దొరుకుతుంది. బంధుత్వమూ నిలుస్తుంది. డ్రోన్ విషయంలో మాత్రం కాగితాలు చూడండి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌ని వ్యాపారం కోసం ఎగరేసేవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, డ్రోన్‌కి గుర్తింపు సంఖ్య ఉండాలి. మీ తోట ఏ జోన్‌లో ఉందో ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కై మ్యాపులో తెలుస్తుంది. గ్రీన్ జోన్ అయితే ముందస్తు అనుమతి లేకుండానే 400 అడుగుల దాకా ఎగరేయవచ్చు.

చెన్నై కంపెనీ పనిలో వంక లేదు. చెన్నై, బెంగుళూరు రెండూ మీకు రోడ్డు మీద దగ్గరే, దూరం వల్ల తేడా రాదు. కానీ నగ మెరవడానికి వేసే లైటు వేరు, బాయిలర్ పక్కన మాట వినబడేలా కాలర్ మైక్ పెట్టడం వేరు. పైగా ఆ ఏడున్నర లక్షలకి 18 శాతం జీఎస్టీ కలిపితే 8 లక్షల 85 వేలు అవుతుంది. బెంగుళూరువాళ్లది కూడా జీఎస్టీతో 4 లక్షల 95 వేల 600. సరైన బిల్లు ఉంటే ఆ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టిన జీఎస్టీ కింద జమగా, వస్తుంది. టీడీఎస్ ఏ సెక్షన్ కింద కోయాలో మీ ఆడిటర్‌ని అడగండి. డబ్బు మూడు విడతలుగా ఇవ్వండి: మొదట 30 శాతం, షూటింగు అయ్యాక 40, మిగిలిన 30 మాత్రం ఫుటేజ్ మొత్తం ఉన్న హార్డ్ డిస్క్ మీ చేతికి వచ్చి, మీ కంప్యూటర్లో తెరుచుకున్నాక. డిస్కులు రెండు కొనండి, ఒకటి ఫ్యాక్టరీలో, ఒకటి ఇంట్లో. మార్పులు రెండు విడతలు అని రాసుకుంటారు. మీ ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు చెబితే ఆ రెండు విడతలూ ఒక్కరోజులో అయిపోతాయి. అందరి మాటా మీరొక్కరే విని, ఒకే కాగితంగా పంపండి.

వాళ్లు తీసిన డెయిరీకి ఫోను చేయండి. వీడియో బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు. చెప్పిన రోజుకి వచ్చారా, లైను ఎంతసేపు ఆపారు, ఫుటేజ్ ఇచ్చారా, ఈ మూడూ అడగండి.

రైతుల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మూడు స్క్రిప్టుల్లోనూ కాయతో నవ్వుతున్న రైతు ఉన్నాడు. 2025 సీజన్ మీకు గుర్తుంది. కాయ ధర పడిపోయి, ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకి 12 అని సర్కారు ప్రకటించాల్సి వచ్చింది. ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి, డ్రైవర్లు వాటి కిందే పడుకున్నారు. మీకు కాయ పోసిన రైతుకి డబ్బు పూర్తిగా ముట్టి ఉంటే, అతని పేరు అడిగి, అతని ఒప్పుకోలు తీసుకుని, అతని తోటలోనే తీయండి. బాకీ ఉంటే ముందు అది తీర్చండి, లేదా ఆ నవ్వు స్క్రిప్టులోంచి తీసేయండి. బెల్టు దగ్గర పనిచేసే ఆడవాళ్లనూ అలాగే, ముందురోజే అడగండి. వద్దన్నామె వేరే చోట పనిచేసుకుంటుంది, ఆమె కూలి తగ్గకూడదు.

మామగారికి ఇవన్నీ మీరు చెబితే కోడలు వాదిస్తోందనిపించవచ్చు. ఆ ముప్పై ప్రశ్నల కాగితం ఆయన ముందు పెట్టి జవాబులు ఆయన్నే చెప్పమనండి, మీరు రాసుకోండి. కాయ ఎప్పుడు దిగుతుంది, ఏ మండలం కాయ గుజ్జు చిక్కగా వస్తుంది, ర్యాంపు దగ్గర, అంటే కాయ కొనుగోలు కేంద్రంలో, కొన్నదానికీ తోటలో కొన్నదానికీ తేడా ఏమిటి, ఇవన్నీ ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు. అడిగే మనిషి ఇన్నాళ్లకి వచ్చాడు. ఆ జవాబుల్లోంచే మీ స్క్రిప్టు వస్తుంది. తర్వాత ఏప్రిల్‌లో ఒకరోజు, షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఆ కుర్రాళ్లిద్దరినీ కెమెరా లేకుండా రమ్మనండి. కాయ దిగే గేటు నుంచి డ్రమ్ము సీలు వేసే చోటుదాకా మామగారే వాళ్లని నడిపించి చూపించాలి.